బిళ్ల నంబరు

మనామాలో రగ్బీ క్లబ్బు, గురువారం రాత్రి.
సౌండు బోర్డు దగ్గర నేను,
గోదావరిఖని విడిచి పదకొండేళ్లు.
స్టేజీ మీద ఎమ్రిస్ ప్రోథెరో,
వేల్సు నుంచి నవ్వించడానికొచ్చినవాడు.
పోస్టర్లో ఉన్న జుట్టు తల మీద లేదు.

మొదట గనివాళ్ల క్లబ్బులో పాడాడట,
కూలి రెండు గ్లాసుల బీరు.
తర్వాత టీవీ, రికార్డులు,
రైలు దిగనివ్వని జనం.
ఆ తర్వాతి ఇరవై ఏళ్ల దగ్గరికొచ్చేసరికి
గుంత చూసిన సైకిలులా
ఓ జోకు వేసి పక్కకు తిప్పేస్తాడు.

నాకు జోకులు సగమే అందుతాయి.
నవ్వు ఎక్కడ పగలబోతుందో మాత్రం
అతను ఊపిరి పీల్చే తీరులో దొరుకుతుంది,
వేలు ముందే బటను మీదకు పోతుంది.

మధ్యాహ్నం మైకు సరిచూస్తుంటే
ఖాళీ కుర్చీల ముందు
జేబులోంచి ఇత్తడి బిళ్ల తీసి
మైకుకు తాకించాడు. టింగ్.
"మా నాన్నది. దిగేముందు ఇవ్వాలి,
పైకొచ్చి తీసుకోవాలి.
ఒకరోజు మేకుకే ఉండిపోయింది."

సింగరేణిలో మా బాపుకీ ఉండేది, అన్నాను.
నంబరెంత అన్నాడు.
నాలుగు వేల రెండు వందల పదిహేడు.
మా బాపు ప్రతి షిఫ్టుకూ పైకొచ్చాడు,
ఆ మాట ఎందుకో పైకి అనలేకపోయాను.

రాత్రి చివరి పాట, వాళ్ల భాషలో.
మొదలెట్టేముందు మైకు దగ్గరకు లాక్కుని
నాలుగు వేల రెండు వందల పదిహేడు, అన్నాడు.
జోకేమో అనుకుని ముందు వరసలో ఇద్దరు నవ్వారు.

నేను వాల్యూము కొంచెం పెంచాను.