మొగ దగ్గర లెక్క

సుర్లారోడ్డులో పాసింజరు దిగేసరికి
నా భుజాన గుడారం, త్రినాథ్ నెత్తిన అలల పలక.
ఆటోవాడు పైకీ కిందకీ చూసి
చెక్కకి వేరే టిక్కెట్టన్నాడు ఒడియాలో.
బేరం తెలుగులో తెగింది.

వారమంతా బరంపురం పట్టుకొట్లో
పద్దులు రాసే చెయ్యి నాది.
ఆదివారమైనా ఊరుకోదు,
పిట్టల్ని లెక్కపెట్టమంటుంది.
సోనాపూర్ ఇసకలో మోకాళ్ళు ముడుచుకుని
రేవుపిట్టలు అరవై రెండు,
ఉల్లంకులు నూటనలభై,
కాదు, లేచి మళ్ళీ వాలాయి,
మొదట్నించి.
మళ్ళీ నూటనలభై.

త్రినాథ్ పాణిగ్రాహి నాలుగేళ్ళుగా
అల మీద నిలబడాలని చూస్తున్నాడు.
పూరీలో కొన్న పలక, కరెంటాఫీసు నడుం.
అతని పక్కనుంచే సూరాడ బైరాగి,
ఆరో క్లాసు మధ్యలో మానేసినవాడు,
విరిగిన తెప్పదుంగ మీద బోర్లా పడుకుని
నోట్లో చెరుకుముక్క తియ్యకుండా
ఒడ్డుదాకా వచ్చేస్తాడు.
"మామా, నువ్వు అలని చూత్తన్నావు.
అలనొగ్గీసి ఒడ్డుని చూడు."
త్రినాథ్ ఒడ్డుని చూశాడు.
నన్ను చూశాడు.
పడ్డాడు.

పొద్దు మహేంద్రగిరి వేపు వాలాక
కొత్త గాలం తీశాను.
రీలు, నైలాను దారం,
పెట్టె మీద ఎగిరి దూకుతున్న చేప బొమ్మ.
రొయ్యని గుచ్చి మొగలోకి విసిరాను.
బాహుదా అక్కడ
సముద్రంలో కలవాలా వద్దా అన్నట్టు
అటోసారి ఇటోసారి తిరుగుతోంది.
గంట. ఇంకో గంట.
ఎండ్రకాయ ఒకటి రొయ్యని
మర్యాదగా ఒలుచుకు తినిపోయింది.
దారం చుట్టకుండా, కర్రని ఇసకలో పాతి
టీ కాచుకోడానికి వెళ్ళాను.
అదీ నేను చేసింది.

కీచుమన్న అరుపుకి తిరిగొస్తే
పొద్దున్న రాసుకున్న నూటనలభైలో ఒకటి
నా దారంలో.
కాలికి రెండు చుట్లు, రెక్కకి ఒకటి,
గుంజుకున్నకొద్దీ బిగుస్తోంది.
అరచేతిలోకి తీసుకుంటే గుండె
కుట్టుమిషను సూదిలా.
చాకు కోసం సంచీ బోర్లించాను.
దుర్బీను, పిట్టల పుస్తకం, దోమల మందు,
తడవని అగ్గిపెట్టె.
చాకు బరంపురంలో ఉంది.

ఎండునెత్తళ్ళు తిరగేస్తున్న దానెమ్మ వచ్చింది.
ఏమీ అడగలేదు.
పిట్టని లాక్కుని, మోకాళ్ళ మధ్య ఇరికించి
కొంగు కప్పింది దాని తల మీద.
"ఔపడకపోతే ఊరుకుంటాది."
యాభై ఏళ్ళు వలలు కుట్టిన నోరు ఆమెది,
ముందు పళ్ళ మధ్య
సరిగ్గా ఒక దారం పట్టే సందు అరిగింది.
పుటుక్కు. పుటుక్కు.
మూడోదానికి కాస్త ఉమ్ము తడి.
పుటుక్కు.
"ఏటి బాబూ, పిట్టలెక్కకని వచ్చి
గేలమేసి పడతన్నావు.
మరి చేపల్ని దుర్బీనులో చూత్తావా?"

అప్పుడు కనబడింది రెండో కాలికి
తెల్లటి ఉంగరం, దాని మీద అంకెలు.
ఏ చలిదేశంలోనో ఎవడో నాలాంటివాడు
పద్దు రాసుకుని తొడిగినది.
"ఆగమ్మా, నెంబరు..." అని
కలం తడుముకునేలోపు కొంగు తీసేసింది.
అది ముందు పరిగెత్తింది,
తడి అంచునే, కాస్త కుంటుతూ.
తరవాత ఎగిరింది, మొగ దాటి దక్షిణానికి.
ఇంకొంచెం పోతే ఆంధ్రా.
దానికి ఎవరూ చెప్పలేదు.

రాత్రి బైరాగి కవ్వళ్ళు తెచ్చాడు.
చితుకుల మంట మీద కాల్చుకు తిన్నాం,
ముళ్ళు ఇసకలో ఉమ్ముతూ.
దానెమ్మ డబ్బులు పుచ్చుకోలేదు.
గాలం మాత్రం తీసుకుపోయింది, రీలుతో సహా.
నేను అడగలేదు.
కొండగాలికి గుడారం గుడ్డ టపటపమంటుంటే
త్రినాథ్ నిద్రలో కూడా
పలక మీంచి పడి ఒత్తిగిల్లాడు.

అయిదింటికి జిప్పు తీశాను.
మంచు, పీతల బొరియలు,
తెప్పలు అప్పుడే లోపలికి పోయాయి.
రేవుపిట్టలు యాభై తొమ్మిది.
ఉల్లంకులు నూటముప్పై తొమ్మిదిదాకా వచ్చి
కలం ఆగింది.
దూరంగా, గుంపుకి ఎడంగా
ఒకటి ఒంటికాలి మీద నిలబడి ఉంది.
"నిద్రలో అన్నీ అలాగే నిలబడతాయిరా"
అన్నాడు త్రినాథ్, పళ్ళు తోముకుంటూ.
కావచ్చు.
సూర్యుడు వచ్చేదాకా చూశాను.
అది రెండో కాలు దించలేదు.

ఆ గడి ఖాళీగా వదిలేశాను.
కొట్లో అయితే
సేటు ఊరుకునేవాడు కాదు.