వెంట్రుకవాసి

నోటీసు బోర్డు మీద నా పేరు పక్కన
నాలుగు పాయింట్ నాలుగు తొమ్మిది.
ఫస్ట్ క్లాస్ నాలుగున్నర దగ్గర మొదలవుతుంది.
వేలితో అడ్డంగా గీత గీసి మళ్లీ చూశాను,
పై వరుసలోది నా వరుసలోకి జారిందేమోనని.
జారలేదు.
వెనకాల ఎవరో "అక్కా, చూసేశావుగా, కొంచెం జరుగు" అన్నారు.
జరిగాను.

బెనిన్ సిటీలో అప్పుడే వాన వెలిసి
ఎర్రమట్టి రోడ్డు ఆవిరి కక్కుతోంది.
గేటు దగ్గర అరటికాయ ముక్కలు వేయించే ఎసోసా ఆంటీ
నూనెలోంచి కళ్లెత్తకుండా అడిగింది:
"ఎంత తక్కువైందే, ఎబియెరే?"
నూరో వంతు.
"దేంట్లో?"
ఒకటిలో.
ఆవిడ ఒక ముక్క తీసుకుని, కత్తితో పలచగా,
ఇంకా పలచగా కోసి
వెలుతురుకు ఎత్తి చూసింది.
"ఇంతా?"
అంతకన్నా తక్కువే, ఆంటీ.
"మరి ఇంతోటిదానికి ఏడుపెందుకు, తినెయ్."

నమిలాను. పచ్చిది. వగరు.

ఆ రాత్రి మార్కుల పట్టీ మంచం మీద పరిచి
చీకట్లో జారిన చిల్లర కోసం నేల తడిమినట్టు
వరుస వరుసా తడిమాను.
నాలుగేళ్ల చదువు, సమ్మెలతో కలిపి ఆరేళ్లు.
ఎనిమిది నెలల సమ్మెలో మరిచిందంతా
పందొమ్మిది రోజుల్లో మళ్లీ మింగిన సెమిస్టర్ ఇది: ఎ.
నలుగురి గదిలో ఎనిమిది మందిమి,
పుస్తకం మీద తల ఉందో తల మీద పుస్తకం ఉందో
తెలియని ఏడాది ఇది: ఎ.
కొవ్వొత్తి కారి పేజీలు అతుక్కుంటే
గోటితో గీకి గీకి చదివిన బెంజీన్ వలయాలు: ఎ.
మలేరియా జ్వరంలో, పెన్ను రెండుగా కనబడుతుంటే,
కుడివైపు పెన్నే నాదని నమ్మి రాసిన పేపర్.
అదీ ఎ.

చిత్రం. కష్టం ఉన్నచోట పోలేదు.

మొదటి ఏడాది, కెమిస్ట్రీ ప్రాక్టికల్. అరవై తొమ్మిది.
బి.

పదకొండు మందికి ఒక్క బ్యూరెట్. నా వంతు సాయంత్రానికి వచ్చింది.
ఉందా లేదా అనిపించే గులాబీ రంగు దగ్గర ఆగాలి.
కొళాయి మీద వేలు, ఫ్లాస్కు మీద కళ్లు, ఊపిరి ఎక్కడో.
ల్యాబ్ చూసుకునే ఇదాహోసా గారు
మూడు నెలలుగా ఆగిపోయి ఉన్న చేతివాచీ చూసుకుని
"ఇంకా పది నిమిషాలే" అన్నారు, చాలా గంభీరంగా.
ఓమోయే నా చెవిలో గుసగుసగా,
"ఆ వాచీ లెక్కన మనమింకా పుట్టనే లేదు."

నవ్వాను. వేలు తిరిగింది. ఒక్క చుక్క.
ఫ్లాస్కంతా మందారం.

మళ్లీ చేయడానికి ఆమ్లం మిగల్లేదు.

కూడి చూశాను. తీసివేసి చూశాను.
ఆ ఒక్క గడిలో ఎ ఉంటే నాలుగున్నర.
ఇన్నాళ్లూ వెంట్రుకవాసి అంటే మాటవరసకు అనుకున్నాను.
దానికో తేదీ ఉంది, సాయంకాలపు ఎండ ఉంది.
నవ్వింది నేనే.

ఓమోయే రెండో ఏడాది ఫీజు దగ్గరే ఆగిపోయింది.
ఇప్పుడు సపేలెలో మందుల షాపు.
ఫోన్ చేశాను. "ఫస్టేనా?" అంది, హలో కూడా అనకుండా.
కాదన్నాను.
కాసేపు జెనరేటర్ మోత మాత్రమే, అటూ ఇటూ.
ఎందుకు పోయిందో చెప్పలేదు.
ఆ వాచీ గుర్తుందా అని అడిగాను.
"ఏ వాచీ?" అంది.
తర్వాత, చాలా తర్వాత, ఒక్కసారిగా పకపకా నవ్వింది.
అటువైపు ఎవరో తలనొప్పి మాత్రలు అడుగుతున్నారు,
దీని నవ్వు ఆగదు.

సర్టిఫికెట్ కాగితాలకని వెళ్లినప్పుడు
ల్యాబ్ కిటికీ పక్కనుంచి వచ్చాను.
లోపల కొత్త పిల్లవాడు, పొడుగు చొక్కా చేతులు మడిచి,
కొళాయి మీద వేలు, ఫ్లాస్కు మీద కళ్లు.
పెదవి కొరుక్కుంటున్నాడు. రంగు వచ్చేలా ఉంది.
నా నీడ వాడి బల్ల మీద పడిందని గమనించి
పక్కకు జరిగాను,
చప్పుడు కాకుండా.