ఎక్కనివాళ్ల లెక్క

ఇరవై తొమ్మిదేళ్లు
ఎక్కినవాళ్లని లెక్కపెట్టి జీతం తీసుకున్నాను.
ఇప్పుడు లాకుల దగ్గర బల్ల మీద కూచుని
ఎక్కలేకపోయినవాళ్లని లెక్కపెడుతున్నాను.
జీతం లేదు,
ఏస్తేరమ్మ పోసే టీ ఉంది.

ఐదుంపావు కాకినాడ బస్సు తీసేశారు.
చాటింపు లేదు, గోడ మీద కాయితం లేదు.
సోమవారం రాలేదు, మంగళవారం రాలేదు,
శుక్రవారానికి అదెప్పుడూ లేనట్టే అయిపోయింది.

రొయ్యల షెడ్డుకెళ్లే ఆడవాళ్లు పద్నాలుగు మంది.
డయాలసిస్‌కి వెళ్లే పితాని సూర్రావు,
పక్కన అన్నం క్యారేజీతో అతని చెల్లెలు.
పాలిటెక్నిక్ పిల్ల హంసవేణి.
మునగకాయల కట్ట ఒకటి, దాని వెనకాల ఎవరో.

ఇప్పుడు వీళ్లంతా ఆటోకి అరవయ్యేసి ఇస్తారు.
డ్రైవరుకి అటొకరు, ఇటొకరు, వెనక తొట్టిలో ముగ్గురు.
వంతెన ఎక్కేటప్పుడు అందరూ ఒక్కసారే ముందుకు వంగుతారు
బండికి సాయం చేస్తున్నట్టు.

నేను పుస్తకంలో రాస్తాను.
ఖాజాబీ మిషను పక్కన సుద్దముక్కతో గీతలు పెడుతుంది.
గుత్తుల భూలక్ష్మికి చదువు రాదు,
కొబ్బరిపీచు తాడు పేని
మిగిలిపోయిన మనిషికో ముడి వేసింది.
నలభై రోజుల తాడు.

డిపోకి వెళ్లాం.
మేనేజరు కుర్రాడు, మంచివాడే, కుర్చీలు వేయించాడు.
"ఓఆర్ లేదండి బాబాయ్. పైనించి డబ్బుల్లేవు.
ఉన్న బళ్లకే టైర్లు లేవు."
ఆ ఓఆర్ అంకె నాకు తెలుసు.
ఎన్నో రాత్రులు ఆ అంకె రాసే ఇంటికెళ్లాను.
నిండిందని బెల్లు కొట్టి, రైట్ రైట్ అని
చెయ్యెత్తిన ఎంతమందిని దుమ్ములో వదిలేశానో
అది మాత్రం ఏ కాయితంలోనూ రాయలేదు.

భూలక్ష్మి ఏమీ మాట్లాడలేదు.
తాడు తీసి బల్ల మీద పెట్టింది.
ఫైళ్ల మీంచి జారి, బల్ల దిగి,
గుమ్మం దాకా వెళ్లింది తాడు.

శివారు కౌలుదారు మట్టపర్తి ఏడుకొండలు
అప్పుడు లేచాడు.
"ఆయ్, ఓ మాటడుగుతానండి.
ధవళేశ్వరం దగ్గర వదిలిన నీళ్లు మా చేనికొచ్చేసరికి
మోకాలి లోతుండవు. అయినా వదుల్తన్నారు కదండీ.
కాలవకి ఓఆర్ ఎంతండి?"

ఎవరూ నవ్వలేదు. ఫ్యాను తిరిగింది.
కుర్రాడు తాడు కొస పట్టుకుని
ముడులు వేలితో తడిమాడు,
చాలాసేపు.

మూడు నెలలు చూస్తామని ఓ బండి ఇచ్చారు.
ఐదూ నలభైకి.
షెడ్డు ఆరున్నరకి. బండి వెళ్లేసరికి గేటు మూస్తారు.
పద్నాలుగు మందికీ అరపూట కూలి.
మళ్లీ పుస్తకం తెరిచాం.
ఈసారి జిల్లా మీటింగుకి.
బడ్జెట్టులో మా దారి పేరు కనబడాలని
హంసవేణి అర్జీ రాసింది,
అక్షరదోషాలు ఖాజాబీ దిద్దింది.

మొదటి రోజు నేనూ ఎక్కాను.
పనేమీ లేదు, కోటిపల్లి మలుపు దాకా.
కండక్టరమ్మాయి నన్ను గుర్తుపట్టింది.
"మీకు పాసుంది కదండీ, టిక్కెట్టెందుకు?"

కొట్టమ్మా, అన్నాను.
చిల్లర ముందే లెక్కపెట్టుకుని తెచ్చాను.