వెనక సీటు బరువు

ఒక్క చుట్టు పూర్తవడానికి పదమూడేళ్ళు పట్టింది.
మొదటి రాత్రికి
ఈ కొండ మీద ఉద్యోగం నాకింకా కొత్త.
కంప్యూటర్ తెర మీద ఒకే ఒక్క చుక్క,
గోడకి కొట్టి మరిచిపోయిన మేకులా.

మన సూర్యుడి ఈడుది, మన సూర్యుడి రంగుది ఆ నక్షత్రం.
కొన్నేళ్ళు మనవైపు వస్తుంది,
కొన్నేళ్ళు వెనక్కి పోతుంది.
ఎంత వేగం, అనడిగాడు దెమెత్రియో.
లా సెరెనా నుంచి మమ్మల్ని పైకి చేర్చే బస్సు అతనిది.
సెకనుకు పదకొండు మీటర్లన్నాను.
పెదాలతో లెక్కేసుకుని నవ్వాడు:
"గంటకు నలభై. రెండో కొండమలుపులో నా బండీ అంతే."

దాన్ని లాగుతున్నదేదో, ఎవరైనా చూశారా?
లేదు.
ఫోటో?
లేదు.
"కనబడనిదానికి అంత పెద్ద అద్దమా, నోల్వియా!"

తర్వాత అతనే చెప్పాడు, గేరు మారుస్తూ:
వెనక సీట్లో ఒళ్ళున్న మనిషి
నిద్రలో ఇటునుంచి అటు ఒరిగితే
తిరిగి చూడక్కర్లేదట,
స్టీరింగే అరచేతికి చెప్పేస్తుందట.
ఇరవై పేజీల్లో మేం రాసిందీ
అంతకన్నా ఎక్కువేం కాదు.

అక్కడ నేల లేదు.
మోపిన కాలు ఎక్కడా ఆగదు.
మేఘం కింద మేఘం, దాని కింద ఇంకా బరువైన మేఘం,
అమ్మోనియా గడ్డకట్టి పొడిపొడిగా తేలే చలి.
ఆ ఆకాశంలో పొద్దు పొడవడమంటే
ఎవరో దూరాన అగ్గిపుల్ల గీసినట్టు ఉంటుందేమో.
ఇందులో సగం లెక్క, సగం నా రాత్రి డ్యూటీ.
దాని రంగు మాత్రం నాకు తెలీదు.

ఆ వెలుగు అక్కడ బయల్దేరేనాటికి
దెమెత్రియో తండ్రికి పన్నెండేళ్ళు.
ఉత్తరాన సురేకారం గనుల్లో గోనెసంచులు కుట్టేవాడట.
గనులు మూతపడ్డాయి. ఆయన పోయాడు.
వెలుగు ఇంకా నడుస్తూనే ఉంది,
నిన్న రాత్రి రెండింటికి వచ్చి చేరింది.

ఎనిమిదో ఏట మా గీతలో ఒక ఖాళీ.
ఆ శీతాకాలం మంచు రోడ్డును తెంపేసింది,
తర్వాత అద్దానికి కొత్త పూత పని.
మూడు నెలలు ఒక్క చుక్కా లేదు.
ఆ మూడు నెలల్లోనే ఓర్మెసిందా పోయింది.
అల్గర్రోబితో మలుపు దగ్గర
మేకపాల చీజు గంపతో ఎక్కి
వికున్యా దాకా మొగుడి వెనక సీట్లోనే కూర్చునేది.
అతనితో ఒక్క మాటా ఆడేది కాదు,
సైంటిస్టులు వింటారని సిగ్గు.
దిగేటప్పుడు మాత్రం
సీటు వీపు మీద రెండు సార్లు తట్టేది.

రోడ్డు తెరిచిన రోజు అతనే వచ్చాడు, గడ్డం గీసుకుని.
మేమెవరం ఏమీ అడగలేదు.
ఆ మలుపు దగ్గర బస్సు ఆగింది.
తలుపు తెరుచుకుంది.
కమంచాకా పొగమంచు కాస్త లోపలికొచ్చింది.
తలుపు మూసుకుంది.

ఈ ఆగస్టులో చివరి చుక్క
మొదటి చుక్క ఎత్తుకే వచ్చి నిలిచింది.
ఖాళీ మీదుగా గీత లాగాం,
ఆ గట్టు చుక్కలూ ఈ గట్టు చుక్కలూ
దాన్ని ఒప్పుకున్నాయి.
అచ్చుతీసిన కాగితం దెమెత్రియోకి ఇచ్చాను.
వచ్చే నెల నుంచి అతనికి పింఛను.
గీతను కొండదారిలా చదివాడు,
వేలితో ఎక్కి, వేలితో దిగి.
ఖాళీ దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ కూడా ఉందా అది?"

ఉంది, అన్నాను.
మేం చూడని రోజుల్లోనూ లాగుతూనే ఉంది.

కాగితం నాలుగు మడతలేసి
చొక్కా జేబులో పెట్టుకున్నాడు.
ఇంజను చాలాసేపు ఊరికే నడిచింది.
ఆనక, నాతోనో, అద్దంతోనో అన్నాడు:
"బండి కాస్త కుడికి లాగుతుంది.
వచ్చే కుర్రాడికి చెప్పాలి."