ఆరో నంబరు ముక్క

బేతంచెర్లలో పదకొండేండ్లు
నాపబండల మీద మెరుపు దీసినోణ్ణి.
ఇప్పుడు కర్నూలు కాలేజీ ల్యాబులో
గోరంత ఉక్కుముక్కకు అద్దం తొడుగుతా.

రెండొందల ఇరవై కాగితం, నాలుగొందలు, ఎనిమిదొందలు.
కాగితం మారినప్పుడల్లా ముక్కను అడ్డం తిప్పాల.
పాత గీత చెరిగిందో లేదో
కొత్త గీతే చెబుతుంది.
ఈ ఒక్క మాటకే నన్ను పనిలో పెట్టుకున్నారు.

ఈ ముక్క మూసలో పుట్టలేదు,
సమ్మెట ఎరగదు.
ముగ్గుపిండి కన్నా మెత్తని స్టీలుపొడిని
వెంట్రుక మందాన పరిచి
లేజరు గీత గీస్తే
గీసినంత మేర కరిగి
రెప్ప పడేలోపే గడ్డకడుతుంది.
మళ్ళీ పొడి. మళ్ళీ గీత.
రెండు రాత్రులు పరుపు మీద పరుపు.
బోరు మోటారుకు రెక్కలచక్రం అట్లా మొలిచింది.

పరీక్షలో తొమ్మిదో గంటకు రెక్క విరిగింది.

"మద్దిలేటన్నా, లోపల ఏముందో తేలాల"
అంది షాహిదా మేడం.
ఆక్జాలిక్ నీళ్ళలో ముంచి
ఆరు వోల్టులు, ఒక నిమిషం.
నా అద్దం మసకబారింది.
ఇన్నేండ్లు మెరుపే పని అనుకున్నా,
మెరుపు చంపితే గాని
ముక్క నోరు విప్పదంట.

మైక్రోస్కోపు కింద
వరసలు వరసలుగా చేప పొలుసులు.
"ఒక్కో పొలుసు ఒక్కో మడుగన్నా,
కరిగిన ఉక్కు నిలిచిన చోటు."
మా ఊరి వంక పారి నాలుగేండ్లు.
ఈడ చూస్తే
రెప్పపాటు కూడా బతకని మడుగులు
గట్లతో సహా మిగిలినాయి.

ఇంకా దగ్గరికి పోతే
మడుగు గట్టు దాటి పై మడుగులోకి
నిలువునా ఎక్కిన పలుకులు.
కింది పలుకు ఏ దిక్కు నిలబడిందో
పైదీ ఆ దిక్కే, అడగకుండానే.
దాని కడుపులో తేనెపట్టు గదులు,
ఆరే తొందరలో కట్టుకున్నవి.
గదులు ఎంత సన్నమో ఉక్కు అంత గట్టి అంటాది మేడం.

మరి ఎందుకు విరిగినట్టు?

మూడో మడుగు అంచున నల్లటి సందు.
సందులో రెండు గుండ్లు,
దుక్కిలో మొలవని కొర్రగింజల్లా
పొడిగా ఉన్నప్పటి గుండ్రతనంతోనే.
లేజరు వాటి పక్కనుంచి పోయింది.

ఫొటో కింద మేడం నంబరు రాసింది: ఆరు.
నేను కన్ను తీయలేదు.
బేతంచెర్లలో ఇట్లాంటి చీలిక కనబడితే
బండను పక్కకు నెట్టి
సగం రేటుకు అమ్మేవాళ్ళం,
లోపల ఏముందో ఎవరూ అడగలేదు.

"గీతల ఎడం తగ్గించి
రేపు ఇంకోటి మొదలుపెడదాం."

కుళాయి కింద చేతులు పెట్టినా.
వేలి గీతల్లో నల్లటి ఉక్కు,
సబ్బుకు పోలేదు.
అడ్డం తిప్పి రుద్దితే
సగం పోయింది.