చూసినవారు: పద్నాలుగు

దువ్వాడ గేటు దాటాక ఎడమ చేతి మూడో షెడ్డు.
వెండి పోసే గదిలోకి మమ్మల్ని రానివ్వరు.
అటు నుంచి వట్టి గాజుగా వెళ్ళింది
ఇటు నుంచి ఎవరి మొహాన్నో మోయడానికి
సిద్ధపడి వస్తుంది.

నేనుండేది చివర్లో.
తెల్ల నూలు గ్లౌజులు, నెత్తిన వల,
ఆరు ట్యూబులైట్లు, ఒక కొయ్య పీట.
పీట ఎందుకంటే
కొనేవాళ్ళ కళ్ళు నేల నుంచి
నూట అరవై సెంటీమీటర్ల దగ్గర ఉంటాయట.
నావి అంత పైకి రావు.
బయ్యరు ఎత్తుకెక్కి సూడు, అన్నాడు
గోవిందు మేస్త్రి మొదటి రోజు.
పదకొండేళ్ళుగా ఎక్కి దిగుతున్నాను.

చూడటమంటే చూసుకోవడం కాదు.
అది తెలియడానికి నాకు నెల పట్టింది.
కొత్త గుంటలు ముందు పాపిడి సర్దుకుంటారు,
పళ్ళు చూసుకుంటారు, తిట్లు తింటారు.
తర్వాత్తర్వాత మొహం దానంతటదే తప్పుకుంటుంది
బస్సులో ముసలామెకి సీటిచ్చినట్టు.
అప్పుడు కనిపిస్తాయి
గీత, బుడగ, అంచున కాటుక చెదిరినట్టు నలుపు,
సూదిమొన చుక్క.
ఏవీ లేకపోతే వెనక స్టిక్కరు.
చూసినవారు: 14.
నా పేరు నూకరత్నం. అది ఆ గడిలో పట్టదు.

ఆషాఢంలో పోయిన కంటైనరొకటి
కార్తీకం వెళ్ళాక తిరిగొచ్చింది.
ఎదురెదురుగా నిలబెట్టి, మధ్యన నురుగు షీటు దూర్చి,
తేమ తాగే గింజల పొట్లాలు పెట్టెకి నాలుగు వేసి
మేమే పంపిన సరుకు.
రెండుసార్లు సముద్రం దాటిన అద్దాలు,
దారిలో ఒక్క అలనీ చూడలేదు.

విప్పాం.
ఒకదాని మీద ఎవరో
ఎర్ర పెన్సిలుతో సున్న చుట్టారు.
సున్నలో ఆవగింజలో సగం.
పక్కనే బొటనవేలి ముద్ర, తుడవనిది,
నా వేళ్ళు రెండు పట్టేంత వెడల్పు.
పదకొండేళ్ళలో
కొనేవాళ్ళని నేను చూసింది అంతే.

వెనక నా పద్నాలుగు.

ఎలా ఒగ్గేసినావు, అన్నాడు గోవిందు.
నాకూ అంతు పట్టలేదు.
పీట లాక్కుని ఎక్కాను.

ఆ చుక్క నేరుగా వచ్చి
నా గడ్డం మీది పుట్టుమచ్చ మీద కూర్చుంది.

నాదే అనుకున్నాను.
నాదాన్ని చూడకూడదని కదా
ఇన్నాళ్ళూ నేర్చుకుంది.

గోవిందుని ఎక్కమన్నాను.
ఎక్కాడు, వంగాడు, మోకాళ్ళు మడిచాడు.
ఆయనకది చొక్కా గుండీ దగ్గర పడింది.
కతలు సెప్పకు రత్నం, అన్నాడు
గుండీ ఒకసారి తడుముకుంటూ.
రెండ్రోజుల జీతం కోశారు.

తిరిగొచ్చిన సరుకు మాకు పావు ధరకిస్తారు.
దాన్నే కొన్నాను.
ఆటోలో చెరోవైపు పట్టుకుని
నేనూ మా ఆయనా కూర్మన్నపాలెం మీదుగా తెస్తుంటే
లారీలకీ, పొగగొట్టాలకీ, సాయంత్రం మబ్బుకీ
తలొక దిష్టిచుక్క పెట్టుకుంటూ వచ్చింది.

పంపు పక్క గోడకి కొట్టాం.
కంపెనీ కాగితంలో రాసిన ఎత్తుకి కాదు, నా ఎత్తుకి.
మా ఆయనకి చుక్క ఛాతీ మీద పడుతుంది.
మోక్షితకి ఇంకా నెత్తికి జానెడు పైన, గాలిలో.
నా నుదుటి మీదకెప్పుడొస్తుందమ్మా అని
ఆదివారాలు తలంటయ్యాక నిలబడి కొలుస్తుంది.
మడమలు లేపితే ఒప్పుకోను.
తనిఖీ తనిఖీయే.

మొన్నటి వానలకి కింది అంచు నల్లబడటం మొదలైంది.
ఆ ఎర్ర పెన్సిలు మనిషి
ఊరికే పంపలేదు వెనక్కి.

షెడ్డులో ఇప్పుడు
ప్రతి అద్దం ముందూ గ్లౌజు వేలితో
గడ్డం మూసుకుని చూస్తున్నాను.
రత్నమక్క ఏటో తెగ ఆలోచిస్తంది అని
కొత్త గుంటలు నవ్వుకుంటారు
పాపిడి సర్దుకుంటూ.