ఎనిమిదిన్నర బొటనవేలు

రాయగడలో కొత్త ఉద్యోగం, పన్నెండో రోజు.
సిమెంటు గోదాము గుమ్మం పక్కన గోడకి బిగించిన మిషను
నా బొటనవేలిని గుర్తుపట్టలేదు.
మళ్లీ పెట్టమంది, ఆడగొంతుతో, హిందీలో.
మళ్లీ పెట్టాను.
చొక్కాకి తుడిచి పెట్టాను.
కొబ్బరినూనె, అన్నాను ఎవరూ అడక్కుండానే,
మా పాపకి జడలేసి వచ్చాను.
వెనక వరుసలో ఎవరో నవ్వారు.
ఎనిమిదీ నలభై ఒకటి. ఎర్రంకెలు.

అసలు సంగతి ఇదీ.
మా లోచన ఆరింటి బస్సుకి కళ్యాణసింగుపురం వెళ్లిపోతుంది,
అక్కడి ఆస్పత్రిలో నర్సు.
ఎందరు పిల్లలు తన చేతుల్లోకి జారి మొదటి ఏడుపు ఏడ్చారో
లెక్క లేదు,
మా పిల్ల లేచి ఏడ్చే వేళకి మాత్రం తను ఇంట్లో ఉండదు.
మధ్యాహ్నాలకి మేడమీది పారమ్మగారున్నారు.
పొద్దున్న ఆవిడ బజారులో కూరలు పరుచుకోవాలి.
అంగన్‌వాడీ తాళంచెవి సుమిత్రా వడకా కొంగున ఉంటుంది.
ఆవిడ కొండ దిగి రావాలి,
వానైతే గెడ్డ దాటి రావాలి.
తొమ్మిదికి ముందు ఆ తలుపు తియ్యాలంటే
ఏ గెడ్డకి అర్జీ పెట్టను?

అందుకని మేనేజరుకే పెట్టాను.
తెలుగులో రాస్తే ఆయన చదవలేడు.
ఒరియా నాకు నోటికొచ్చు, చేతికి రాదు.
ఇంగ్లీషులో రాసి చూసుకుంటే
నా ఇబ్బంది ఇంకెవడిదోలా ఉంది.
వెసులుబాటు అని రాయాలనుంది నాకు,
ఉక్కగదిలో కిటికీ రెక్క జానెడు తీసినట్టుండే మాట.
ఫ్లెక్సిబుల్ అని రాశాను.
పక్కసీటు ఉమాకాంతం తొంగిచూసి
ఫ్లెక్సీయా? ఎవరి పుట్టినరోజుకి గురూ, అన్నాడు.

సత్పథీ బాబు రెండుసార్లు చదివాడు,
రెండోసారి కళ్లజోడు తీసి.
ఘరె కేహి నాహాన్తి? ఇంట్లో ఎవరూ లేరా?
ఉన్నారు సార్, నేనున్నాను.
అనేశాక ఆ జవాబు నాకే కొత్తగా వినబడింది.
మీ ఆవిడ, అన్నాడు.
తను కూడా ఉంది సార్, బస్సులో.

మగాడివి కాబట్టి మీ ఆవిడ గురించి అడిగాడు,
అదే నేనైతే ఇంటర్వ్యూలోనే పంపేసేవాడు
అంది లోచన ఆ రాత్రి, చోడి అంబలి కలుపుతూ.
కాదనలేకపోయాను.

దెఖిబా, అన్నాడుగదా ఆయన.
చూద్దాం అనే మాట ఏ భాషలోనైనా
మనవైపు చూడకుండానే అంటారెందుకో.
మూడు రోజులు చూశాడు.
ఆ మూడు రాత్రులూ పిల్ల ఎప్పట్లాగే
నా బొటనవేలు పిడికిట పట్టుకుని పడుకుంది.
గోరుసందు సిమెంటు గానీ, నూనె జిడ్డు గానీ
దానికి అడ్డం రాలేదు.

గురువారం పిలిచాడు.
తొమ్మిదింబావుకి రా, దసరా దాకా.
సాయంత్రం ఆరున్నర దాకా ఉండు.
కాగితం మూల పెన్సిలుతో రాశాడు,
చెరపడానికి వీలుగా.

బాగానే ఉంది. కానీ ఆరింటికి
బండి ముందు కూచోబెట్టుకుని
నాగావళి వంతెన మీద గూడ్సు చూపించడం నా పని.
డబ్బాలు అది లెక్కపెడుతుంది,
పదమూడు తర్వాత మళ్లీ ఏడు.
నాన్నా రైలూ, అంటే లోచన ఏం చెబుతుందో.
ఆదివారం అని చెప్పమన్నాను.
దానికి ఆదివారం అంటే ఇంకా తెలీదు.

ఈ పొద్దున్న రెండు జడలూ సమంగా కుదిరాయి,
మొదటిసారి.
సుమిత్ర తడికాళ్లతో వచ్చి తాళం తీసేదాకా నిలబడ్డాను.
పిల్ల వెనక్కి చూడలేదు.
తొమ్మిదీ పదకొండుకి గోదాము చేరి
వేలు పెట్టాను.
మళ్లీ పెట్టమంది.